ఆరో రాయి దగ్గరి రీడింగు

"మాస్టారూ, ఎంత తేడా వరకూ సర్దేయొచ్చు?" అని హైమావతి అడిగింది.

కిల్లంశెట్టి అప్పలస్వామి మాస్టారు ప్రశ్న విన్నారు గానీ జవాబు చెప్పలేదు. కూర్చుని ఉన్నప్పుడు ఎవరు ఏమడిగినా ఆయన నోరు పెగలదని, ఆయన దగ్గర పని నేర్చుకున్న మా అందరికీ తెలుసు. ముప్పై నాలుగేళ్ళు సర్వే ఉద్యోగంలో కొండలెక్కి దిగారు. రిటైరయ్యాక ఇంటిపట్టున ఉండలేక, కొత్తగా చేరిన సర్వేయర్లకి అడవిలో కొలతలు నేర్పే పని నెత్తిన వేసుకున్నారు. ఏదైనా సందేహం అడిగితే లేచి బూట్లు వేసుకుంటారు. అడిగినవాడు ఆయన వెనక కొండ చుట్టూ తిరిగి, కాళ్ళు పీక్కుపోయి, అసలేం అడిగాడో మర్చిపోయే వేళకి ఒక్క ముక్క చెప్తారు. అదైనా సగమే. నాకు చెప్పిన ఒక సగం ముక్కకి మిగతా సగం కోసం పదేళ్ళుగా తంటాలు పడుతున్నాను. అది వేరే సంగతి.

ఈ కథ నాకు చెప్పింది హైమావతే. మజ్జివారి అమ్మాయి, గ్రామ సర్వేయరు, లెక్కల్లో దిట్ట. తన తప్పుని తనే ఇంత వివరంగా చెప్పుకునేవాళ్ళని నేను మా వృత్తిలో పెద్దగా చూడలేదు. అందుకని ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

కుసుంపుట్టు కొండవాలున పాంగి దొయిమతికి నాలుగెకరాల పోడు ఉంది. తాతల నాటి నుంచి సాగులో ఉన్న నేలే గానీ చేతిలో కాగితం లేదు. భర్త చనిపోయిన ఏడాది ఆమె ఆ వాలు అడుగున, రిజర్వు అడవిని ఆనుకుని, కాఫీ మొక్కలు పెట్టింది. గెడ్డలోంచి బిందెలతో నీళ్ళు మోసి నాలుగేళ్ళు పెంచితే ఈ ఏడే తొలి కాపు పట్టింది. ఆ నేలకి పట్టా రావాలంటే హద్దు కొలిచి పటం గీయాలి. ఆ పటం మర్నాడు సాయంత్రం నాలుగింటికల్లా మండలంలో కమిటీ ముందు ఉండాలి. తప్పితే ఆ కమిటీ మళ్ళీ ఎప్పుడు కూర్చుంటుందో చెప్పగలవాడు లేడు. పటంలో గీత ఎక్కడ పడితే అదే హద్దు. తర్వాతెప్పుడో స్తంభాలు పాతడానికి వచ్చేవాళ్ళు కాగితం మీది అంకెలు చూసి పాతుతారు. కొలిచేటప్పుడు పెట్టిన గుర్తురాళ్ళు అప్పటిదాకా ఉంటాయో, ఏ పందో పొర్లించేస్తుందో ఎవరికి తెలుసు?

కొలిచేవాళ్ళు ముగ్గురు. మాస్టారు, హైమావతి, అటవీశాఖ తరఫున సంతకం పెట్టాల్సిన బీట్ ఆఫీసరు తవిటినాయుడు. దారి నరకడానికి దొయిమతి తన కత్తి పట్టుకుని ముందు నడిచింది. కొండ నెత్తిన ఆకాశం బాగా కనిపించే చోట మొదటి రాయి పెట్టి, దాని మీద జీపీఎస్‌ని పది నిమిషాలు కదలకుండా ఉంచి స్థానం రాసుకున్నారు. కిందికి దిగాక ఆ పరికరానికి పని లేకపోయింది. దట్టమైన చెట్ల కింద అది తనెక్కడుందో తనకే తెలియక పద్నాలుగు మీటర్లు అటూ ఇటూ గెంతుతోంది. కాబట్టి మిగతాదంతా కంపాస్‌తో దిక్కు చూసి, టేపుతో దూరం కొలిచి, రాయి నుంచి రాయికి పొలం చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి రాయికి చేరుకోవడమే. ప్రతి రాయి దగ్గరా ముందున్న రాయి వైపు ఒక రీడింగు తీయాలి. అక్కడికి వెళ్ళాక వెనక్కి తిరిగి, వదిలొచ్చిన రాయి వైపు ఇంకొకటి తీయాలి. రెండింటి మధ్యా నూట ఎనభై డిగ్రీలు ఉండాలని పుస్తకం చెబుతుంది. ఎవరి చేతిలోనూ అచ్చంగా అంతే రాదు, అరడిగ్రీ అటో ఇటో పోతుంది.

కంపాస్ బయటికి తీసే ముందు మాస్టారు చేసే హడావిడి చూసి తీరాలి. ముల్లుకి ఇనుమంటే ఆశ అంటారాయన. దొయిమతి కత్తిని పది అడుగుల అవతల పెట్టించారు. తవిటినాయుడి తాళాలగుత్తి తీయించారు. హైమావతి సెల్‌ఫోన్ని, ఆఖరికి ఆమె జడకున్న క్లిప్పుని కూడా కత్తి పక్కకి పంపించారు. ప్రతి రాయి దగ్గరా ఇదే తంతు. కత్తి దించీ ఎత్తీ దొయిమతికి విసుగొచ్చి, "దీన్ని ఇంటికాడ వదిలొచ్చీదాన్ని గదా బాబూ" అంది. "అలాగైతే దారెవరు కొడతారమ్మా" అన్నారు మాస్టారు.

పదకొండు రాళ్ళు, ఐదువందల అరవై మీటర్లు. మధ్యాహ్నం మూడింటికి మొదటి రాయికి తిరిగొచ్చారు. హైమావతి రాతి మీద కూర్చుని లెక్క కట్టింది. కాళ్ళు మొదటి రాయి దగ్గరికే వచ్చాయి గానీ, కాగితం మీది గీత మాత్రం దానికి ఐదుంబావు మీటర్ల దూరంలో ఆగిపోయింది. నూరు మీటర్లకి ఒక మీటరు వరకూ తేడా ఉండొచ్చని, ఆ తేడాని రాళ్ళన్నింటికీ కొంచెం కొంచెంగా పంచి గీతని కలిపేయొచ్చని వాళ్ళకిచ్చిన సర్క్యులర్‌లో ఉంది. ఆ లెక్కన ఐదున్నర దాకా ఫర్వాలేదు. హైమావతి ప్రశ్న అప్పుడు పుట్టింది. ఎంత వరకూ సర్దొచ్చని అడిగి, జవాబు రాకపోయేసరికి తనే చెప్పుకుంది. "రూలు ఒప్పుకుంటోంది మాస్టారూ. పంచేస్తే విస్తీర్ణం కూడా మారదు. నాలుగెకరాలు నాలుగెకరాలే ఉంటాయి."

మాస్టారు లేచి బూట్ల తాళ్ళు బిగించుకున్నారు. "పంచి, కొత్త అంకెల ప్రకారం అడుగు హద్దు మీద కర్రలు పాతి చూపించమ్మా" అన్నారు.

దిగి పాతారు. తూర్పు వైపు కర్రలు హద్దు దాటి రెండున్నర మీటర్లు కిందికి, గెడ్డ ఒడ్డున ఉన్న బండల్లోకి పోయాయి. పడమటి వైపు కర్రలు అంతే దూరం పైకి, కాఫీ తోటలోకి వచ్చాయి. విస్తీర్ణం నిజంగానే మారలేదు. దొయిమతి కర్రల వెంట ఒకసారి నడిచింది. కర్రలకి అడవి వైపు మిగిలిన మొక్కల్ని ఒక్కొక్కటే ముట్టుకుంటూ వెళ్ళి, తిరిగి వచ్చింది.

"రెండు వరసలు అవతలికి ఎల్పోనాయి. తొంభై ఆరు మొక్కలు" అంది. తర్వాత తూర్పు వైపు చూసి, "సర్వే అమ్మా, ఆ బండల మీద కాపీ కాస్తాదేటి?" అని అడిగింది. వెటకారమేమీ లేదు. కాగితాలు రాసేవాళ్ళకి తనకి తెలియని విద్య ఏదైనా ఉందేమోనని అడిగినట్టే ఉంది. హైమావతికి తల కొట్టేసినట్టయింది.

తవిటినాయుడు చెడ్డవాడేం కాదు. రేపు నాలుగింటికి కాగితం చేరకపోతే ఆ రెండు వరసలతో పాటు మొత్తం నాలుగెకరాలు కూడా గాల్లో ఉంటాయని అతని బాధ. "సంతకం నేను పెడతానండి. రూలు లోపలే ఉన్నాం కదా. ఎక్కడ తప్పిందో ఈ అడవిలో ఎవరు వెతుకుతారండి?" అన్నాడు.

"మనమేనయ్యా. పొద్దున్న ఆరింటికి మొదటి రాయి దగ్గర ఉండాలి" అన్నారు మాస్టారు. ఊళ్ళో బడి గదిలో చాప వేసుకుని పడుకున్నారు. అరవై ఆరేళ్ళ మనిషికి రోజుకి ఒకసారి ఆ లోయ దిగి ఎక్కడమే ఎక్కువ. ఆయన మంకుపట్టు మీద ఆ సాయంత్రం తనకి కోపం వచ్చిన మాట నిజమేనని హైమావతి నాతో ఒప్పుకుంది.

తెల్లారేసరికి సన్నటి వాన. ఆకులన్నీ కారుతున్నాయి, కాళ్ళ నిండా జలగలు. మాస్టారు గొడుగు కూడా తేనివ్వలేదు, అందులో ఇనుప పుల్లలుంటాయని. మొదటి రాయి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. హైమావతి రీడింగు చూసి పైకి చెబుతుంది, తవిటినాయుడు నిన్నటి పుస్తకంలో అంకె చదువుతాడు. రెండో రాయి, మూడో రాయి, నాలుగో రాయి, ఐదో రాయి. ఎక్కడా అరడిగ్రీకి మించి తేడా లేదు. ఎనిమిదిన్నర అయింది. ఇలాగే పదకొండూ కుదిరిపోతే నిన్నటి తేడాయే మళ్ళీ వస్తుంది, అప్పుడింక పంచడం తప్ప దారి లేదు. దొయిమతికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు గానీ, రీడింగు కుదిరిందన్న ప్రతిసారీ వీళ్ళ మొహాలు వాడిపోవడం చూసి ఆమె కత్తి ఊపు పెంచింది.

ఆరో రాయి గెడ్డ పక్కన, ఏటవాలు బండ మీద ఉంది. అక్కడ వానకి జారుతోందని, ముందు ఏడో రాయి దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచే వెనక్కి చూద్దామని హైమావతి దాటి వెళ్ళింది. కంపాస్ ఎత్తి ఆరో రాయి మీద నిలబెట్టిన కర్ర వైపు చూసి, "ఎనభై రెండు" అంది.

"తొంభై ఒకటి" అన్నాడు తవిటినాయుడు, పుస్తకం చూసి.

"ఇంకోసారి చూడమ్మా" అన్నారు మాస్టారు.

"ఎనభై రెండే మాస్టారూ."

"మరి నిన్న తొంభై ఒకటి ఎలా వచ్చింది?"

హైమావతి కంపాస్ దించేసింది. అబద్ధం చెప్పడానికి రెండు మూడు దారులు అప్పుడే తోచాయట. చెయ్యి జారిందనొచ్చు, తడికి అంకె కనపడలేదనొచ్చు. ఎదురుగా దొయిమతి నిలబడి ఉంది.

"నిన్న నేను చూడలేదు మాస్టారూ" అంది.

నిన్న ఆరో రాయి దగ్గర బండ మీద కంపాస్ పెట్టే కర్ర నిలవలేదు. హైమావతి జారిపడబోతే మాస్టారు ఆమెని పక్కకి తప్పించి, తనే బండ మీద కూర్చుని, కంపాస్ చేత్తో పట్టుకుని ఏడో రాయి వైపు చూశారు. "రెండువందల డెబ్భై ఒకటి" అని చెప్పారు. ఆమె రాసుకుంది. ఏడో రాయికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూసి సరిపోల్చాల్సిన పని ఆమెది. కానీ మాస్టారు స్వయంగా చూసిన రీడింగుని తను సరిచూడటం ఏం మర్యాద అనిపించింది. ముప్పై నాలుగేళ్ళ చేతికి నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన తను పరీక్ష పెట్టడమా? నూట ఎనభై తీసేసి, తొంభై ఒకటి అని వేసేసింది. పుస్తకం మొత్తంలో అచ్చు గుద్దినట్టు కుదిరిన వరస అదొక్కటే. కుదరని వరసలన్నీ సరైనవే.

మాస్టారు జారుతూ, దొయిమతి చెయ్యి పట్టుకుని, ఆరో రాయి బండ మీదికి వచ్చారు. ఇద్దరూ రెండు వైపులా కర్రని గట్టిగా పట్టుకుంటే హైమావతి కంపాస్ పెట్టి చూసింది. రెండువందల అరవై రెండు. అప్పుడిక దాచడానికేమీ మిగల్లేదు. తొమ్మిది డిగ్రీలు తప్పింది మాస్టారి రీడింగు. ఈ మాట పైకి అనే ధైర్యం తవిటినాయుడికి లేదు, హైమావతికి అసలే లేదు.

"నేను తప్పు చూసేనన్నమాట" అని ఆయనే అన్నారు. "ఎందుకు తప్పేనో తెలియాల. నిన్న కూర్చున్నట్టే కూర్చుంటాను."

బండ మీద కూర్చుని కుడి మోకాలు పైకి మడిచి, దాని మీద మోచెయ్యి ఆనించి కంపాస్ ఎత్తారు. రెండువందల డెబ్భై ఒకటి. లేచి నిలబడి చూశారు. రెండువందల అరవై రెండు. మళ్ళీ కూర్చున్నారు, ముల్లు మళ్ళీ పక్కకి పోయింది. కత్తి దూరంగా ఉంది. తాళాలూ ఫోనూ దూరంగా ఉన్నాయి. బండలో ఏదైనా ఇనుపరాయి ఉందేమోనని తవిటినాయుడు అరచేత్తో తడిమి చూశాడు. ముల్లు మాత్రం బండ వైపు కాకుండా మాస్టారి వైపే చూస్తోంది.

"బాబూ, నీ మోకాలికాడ ఏటుంది?" అని దొయిమతి అడిగింది.

మాస్టారు ప్యాంటు పైకి మడిచారు. మోకాలికి నల్లటి పట్టీ. విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో నొప్పులకి మంచిదని ఎవడో అంటగట్టాడట. లోపల ఎనిమిది అయస్కాంతం బిళ్ళలు. పది రోజుల నుంచి వేసుకుంటున్నారు. ఆడమనిషి చేత కత్తి దింపించి, ఆడపిల్ల జడ క్లిప్పు తీయించిన పెద్దమనిషి ఎనిమిది అయస్కాంతాలు కట్టుకుని అడవి కొలిచాడు. తవిటినాయుడు చెట్ల వైపు తిరిగి దగ్గు తెచ్చుకున్నాడు. హైమావతికి నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. మాస్టారి మొహం ఎర్రబడింది. సిగ్గుపడ్డారు, ఆ సంగతి దాచుకోలేదు కూడా.

పట్టీ విప్పి దొయిమతికి ఇచ్చారు. "దీన్ని నీ కత్తి పక్కన పెట్టమ్మా. నీ కత్తే నయం, కనపడతాది" అన్నారు.

ఇంకా ఐదు రాళ్ళున్నాయి. తప్పు దొరికింది కదా, అంకె మార్చేసి పైకి పోదామని తవిటినాయుడు అన్నాడు. మాస్టారు వినలేదు. నా కాలు ఎక్కడెక్కడ అడ్డం పడిందో నాకే తెలీదు, అన్నీ చూడాల్సిందే అన్నారు. పట్టీ లేని మోకాలితో ఆ ఏటవాలు ఎక్కుతుంటే ఆయన పళ్ళు బిగపట్టడం కనిపించింది. ప్రతి రాయికీ పది అడుగుల ముందే ఆగి, కంపాస్ దరిదాపుల్లోకి రాకుండా, హైమావతి చేతనే ముందూ వెనకా చూపించారు. ఆమె ఒక్కో రీడింగు రెండుసార్లు చూసింది. కూర్చోమని దొయిమతి రెండుసార్లు చెప్పినా ఆయన కూర్చోలేదు. పన్నెండున్నరకి మొదటి రాయి చేరారు.

హైమావతి తడిచేతులు చీర కొంగుకి తుడుచుకుని లెక్క కట్టింది. నలభై సెంటీమీటర్లు. కొత్త అంకెల ప్రకారం అడుగు హద్దు గీత కాఫీ మొక్కలకి అవతలగా, దొయిమతి తొలిరోజు చూపించిన చోటే పడింది. దొయిమతి పరుగు లాంటి నడకతో వాలు దిగి, నిన్నటి కర్రల్ని తన చేత్తో ఒక్కొక్కటే పీకి అడవిలోకి గిరాటేసింది.

ఇక పుస్తకం సరిచెయ్యాలి. చెరిపే అలవాటు మా మాస్టారి దగ్గర లేదు, కొట్టేసి పక్కన కారణం రాయాలి. ఆరో రాయి వరస మీద గీత గీసి, పక్కన "స్థానిక ఆకర్షణ వల్ల దోషం" అని పుస్తకాల్లో ఉండే పేరు రాసింది హైమావతి. మాస్టారు భుజం మీదుగా చూసి తల అడ్డంగా ఊపారు.

"ఆకర్షణ ఎవరిదో రాయి."

"మీ పేరు నేనెలా రాస్తాను మాస్టారూ?"

"తెలుగులోనే రాయి."

ఆమె రాసింది. 'కె. అప్పలస్వామి మోకాలి పట్టీ.' దాని కింద, ఆయన అడగకుండానే, 'వెనక రీడింగు చూడకుండా వేశాను. ఎం. హైమావతి' అని కూడా రాసింది. తవిటినాయుడు రెండూ చదివి, సంతకం పెట్టి, కొత్త అంకెలతో హైమావతి గీసిన పటాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని బండెక్కాడు. టైము ఒంటిగంటన్నర. మండలానికి రెండు గంటల దారి.

బండి చప్పుడు లోయలో వినిపించడం మానేశాక మాస్టారు కర్ర ఆనుకుని హైమావతి వైపు తిరిగారు.

"ఆ నలభై సెంటీమీటర్లూ పంచేసేవు కదా, మంచిపని చేసేవు. చేతులన్నాక ఆ మాత్రం వణుకు ఉంటాది. నిన్నటిది అది కాదమ్మా, నువ్వు నాకు చేసిన మర్యాద. మర్యాద చెయ్యాలనుంటే నీకున్నదాంట్లోంచి చెయ్యి. దొయిమతి పొలంలోంచి కొలిచి ఇవ్వకు."